పడవ బాగుపడాలి, మనిషీ బాగుండాలి
పాత ఫైబర్ బోట్ల మరమ్మతు – ఆరోగ్య జాగ్రత్తలు

(వేట నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబాల కూటంలో ఆసుపత్రి వైద్యులు చేసిన ప్రసంగ పాఠము)

 

ఇదివరకు మేము మీ మధ్యకు వచ్చినప్పుడు బి.పి. గురించి, షుగరు గురించి, క్షయ గురించి చెప్పాము. ఈసారి పడవ మరమ్మతు గురించి మాట్లాడతామంటే మీలో కొందరు నవ్వారు. నవ్వడంలో తప్పు లేదు. పడవ పని మీకు తెలిసినంతగా ఏ డాక్టరుకూ తెలియదు. అయితే ఆ పని చేసేటప్పుడు కంటిలో, ఊపిరితిత్తుల్లో, చర్మం మీద ఏమి జరుగుతుందో చెప్పే బాధ్యత మాది. ఆ ఒక్క సంగతే ఈ సాయంకాలం మాట్లాడుకుందాం.

ఇప్పుడే ఎందుకు?

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను బోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి సంతతిని పెంచుకోవడానికి ఇచ్చిన విశ్రాంతి అది. మనకు మాత్రం అది వలలు అల్లుకునే కాలం, ఇంజను విప్పుకునే కాలం, పడవ బోర్లించి బాగు చేసుకునే కాలం. ప్రభువు పిలిచిన సమయానికి యాకోబు, యోహాను తమ తండ్రితో కలిసి దోనెలో వలలు బాగు చేసుకుంటున్నారని మత్తయి సువార్తలో చదువుతాం. పనిముట్టును బాగు చేసుకోవడం గౌరవమైన పని.

ఇంకొక కారణం కూడా ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. మన రాష్ట్ర తీరంలో నూరుమందికి పైగా చనిపోయారు. ఎన్నో పడవలు, వలలు కొట్టుకుపోయాయి. ఆ తరువాతి సంవత్సరాలలో ప్రభుత్వము, సేవాసంస్థలు, సంఘాలు కలిసి మన తీరానికి చాలా ఫైబర్ బోట్లు ఇచ్చాయి. అంతకు ముందు నుండి ఉన్న ఫైబర్ తెప్పలు, నావలు కూడా ఉన్నాయి. అంటే ఈ రోజు ఒడ్డున ఉన్న బోట్లలో కొన్నింటికి ఇరవై ఏళ్లు దాటిపోయాయి. కొత్త బోటు కొనాలంటే అప్పు చేయాలి. అందుకే పాతదాన్నే బాగు చేసుకుంటున్నాం. ఆ నిర్ణయం మంచిదే. కాని బోటుకు మిగిలిన డబ్బు కంటి వైద్యానికి, ఆయాసం మందులకు పోతే లాభమేమిటి?

ఫైబర్ బోటు దేనితో చేస్తారు?

నోవహు ఓడకు లోపల, వెలుపల కీలు పూశాడని ఆదికాండంలో ఉంది. ఆనాటి కర్రకు కీలు ఎలాగో, ఈనాటి గాజుదారానికి రెసిన్ అలాగు. సన్నని గాజు దారాలతో చేసిన మ్యాట్‌ను, నేసిన రోవింగ్‌ను ఒకదాని మీద ఒకటి పరచి, రెసిన్‌తో తడిపి గట్టిపరుస్తారు. బయట నున్నగా, రంగుగా కనిపించే పొర జెల్ కోటు. ఆ రెసిన్ పలుచగా ఉండడానికి అందులో స్టైరీన్ అనే ద్రవం కలిపి ఉంటుంది. రెసిన్ డబ్బా మూత తీయగానే ముక్కుకు కొట్టే ఘాటు దానిదే. రెసిన్ గడ్డకట్టడానికి కోబాల్ట్ కలిసిన యాక్సిలరేటరు, నీళ్లలాగా కనిపించే కెటలిస్టు వాడతారు. కెటలిస్టునే కొందరు హార్డెనర్ అంటారు.

ఎండకు జెల్ కోటు పొడిపొడిగా రాలుతుంది. ఇసుక మీద ఈడ్చి ఈడ్చి అడుగున అది అరిగిపోతుంది. అప్పుడు గాజుదారాలు బయటపడి నీటిని పీల్చుకుంటాయి. బోటు బరువెక్కుతుంది. అంచు మీద కూర్చున్నవారి తొడలకు, మోచేతులకు దురద పుడుతుంది. "ఉప్పునీటి దురద" అని మనం అనుకునే దానిలో కొంత ఈ గాజు నూగుదే. చేపల అర లోపలి గోడ అలా నూగు లేచిపోతే ఆ నూగు ఐసులోకీ, చేపలోకీ చేరుతుంది. కాబట్టి మరమ్మతు అవసరమే. అదీ సరిగా జరగాలి. బలహీనమైన అతుకు వేసుకుని నడిసంద్రానికి వెళ్లడం ప్రాణానికి ముప్పు.

మొదట బోటును పరీక్షించండి

రోగికి మందు రాసే ముందు మేము వీపు మీద వేలితో తట్టి చూస్తాం. బోటునూ అలాగే చూడాలి. మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. గట్టిగా ఉన్నచోట ఖణ్ మంటుంది. పొరలు విడిపోయినచోట, లోపలి కర్ర నాని కుళ్లినచోట డొల్ల శబ్దం వస్తుంది. ఇంజను బిగించే వెనుక పలకను తప్పక తట్టి చూడండి. ఎక్కడ చెడిందో ముందుగా సుద్దతో గీత గీసుకుంటే, అవసరం లేనిచోట గ్రైండర్ పెట్టే పని తప్పుతుంది. గ్రైండింగు ఎంత తగ్గితే ధూళి అంత తగ్గుతుంది.

చెడినచోట పైపైన మ్యాట్ అంటిస్తే అది నిలవదని మీకు తెలుసు. గట్టి భాగం కనిపించేవరకు తీసి, చుట్టూ వాలుగా గీయాలి. మందానికి పన్నెండు రెట్ల వెడల్పు ఉంచడం మంచి పద్ధతి. అంటే 5 మిల్లీమీటర్ల మందం ఉన్నచోట చుట్టూ 6 సెంటీమీటర్ల వాలు ఉండాలి. మొదటి ప్రమాదం ఈ గీసే పనిలోనే ఉంది.

మొదటి ప్రమాదం: ధూళి

గాజుదారం ముక్కలు చర్మంలో గుచ్చుకుంటాయి. కంట్లో పడితే గరగరలాడుతుంది, గొంతులో పడితే దగ్గు వస్తుంది. ఆ దారం ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లేంత సన్నం కాదు. కాని గ్రైండర్ కింద ఎండిన రెసిన్, పాత పెయింటు పిండిలాగా నలిగిపోతాయి. ఆ మెత్తని పిండి లోతుకు పోతుంది. ఆస్తమా ఉన్నవారికి, బీడీ, చుట్ట అలవాటు ఉన్నవారికి, ఒకసారి క్షయ వచ్చి తగ్గినవారికి ఇది మరింత చెరుపు చేస్తుంది. చాలా ఏళ్ల క్రితం వేసిన పెయింటులో సీసం ఉండవచ్చు. సీసం చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుంటే చాలనుకుంటాం. కరోనా రోజుల్లో వాడిన పలుచని మాస్కు కూడా ఇంట్లో మిగిలి ఉంటుంది. ఈ రెండూ మెత్తని ధూళిని ఆపలేవు. ధూళికి ఎన్-95 మాస్కు వాడాలి. అది ముఖానికి అంటుకుని ఉండాలి, పక్కలనుండి గాలి పోకూడదు. పక్కలు కూడా మూసి ఉండే కళ్లద్దాలు, పొడవు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకోండి. గాలి మీ వీపు వైపునుండి వీచేటట్టు నిలబడండి. చేత్తో రుద్దే పని అయితే వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి, ధూళి లేవదు. కరెంటు గ్రైండర్‌కు మాత్రం నీళ్లు తగలనివ్వకండి. తడి ఇసుకలో అతుకుల వైరు పరిచి గ్రైండర్ నడపడం మరణంతో ఆడుకోవడమే. లీకేజీ కరెంటును పసిగట్టి ఆపివేసే బ్రేకరు ఉన్న లైను నుండే కరెంటు తీసుకోండి.

దురద పెట్టినప్పుడు గోకకండి. గోకితే దారం ఇంకా లోపలికి పోతుంది. ధారగా నీళ్లు పోసి, సబ్బుతో మెల్లగా కడగండి. కనిపించే ముక్కలను అంటుకునే టేపు అద్ది తీయవచ్చు.

రెండవ ప్రమాదం: రెసిన్ ఆవిరి

స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువైనది. అందుకే గాలి ఆడని బోటు అడుగున, చేపల అరలో అది నిలిచిపోతుంది. బోర్లించిన బోటు కిందకు దూరి లోపల మ్యాట్ వేసేవాడు ఆ ఆవిరిలోనే తల పెట్టి పని చేస్తున్నాడన్నమాట. మొదట కళ్లు మండుతాయి. తరువాత తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, మత్తు వస్తాయి. చూసేవారు తాగాడనుకుంటారు. కొంతసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. వాసన తెలియడం లేదంటే ఆవిరి పోయిందని అనుకోకూడదు.

ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవారికి నరాలు, రంగులను గుర్తించే చూపు, వినికిడి దెబ్బతినవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2018లో స్టైరీన్‌ను మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించగల పదార్థాల వర్గంలో చేర్చింది. ఏడాదికి ఒకసారి తన బోటు బాగు చేసుకునేవారు దీనికి బెదిరిపోనక్కరలేదు. ఊరూరా తిరిగి రోజూ ఇదే పని చేసే మేస్త్రీలు, వారి వెంట ఉండే కుర్రవాళ్లు మాత్రం తప్పక జాగ్రత్త పడాలి.

ఒక ముఖ్య విషయం. ఎన్-95 మాస్కు ధూళిని ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు. ఆవిరికి బొగ్గు డబ్బా బిగించిన మాస్కు ఉంటుంది. రసాయన ఆవిర్లకు వాడే మాస్కు అని అడిగి కొనండి. అది ఉన్నా సరే, బోటును పక్కకు వాల్చి రెండువైపులా గాలి ఆడేటట్టు చూడండి. అరలో పని చేసేటప్పుడు మూతలన్నీ తీసి ఫ్యాను పెట్టండి. ఒంటరిగా ఎవరూ లోపలికి దిగకూడదు. బయట ఒక మనిషి ఉండి మాట్లాడుతూ ఉండాలి. లోపలివాడు పలకకపోతే వెంటనే కేకవేసి నలుగురిని పిలవండి. గాలి లోపలికి కొట్టించి, బయటనుండే లాగే ప్రయత్నం చేయండి. ఒకరిని తీయబోయి ఇంకొకరు పడిపోకూడదు. ఎండాకాలంలో ఆవిరి ఎక్కువగా లేస్తుంది, వడదెబ్బ భయమూ ఉంది. అందువల్ల ఈ పని ఉదయం పూట, మళ్లీ సాయంత్రం చల్లబడ్డాక పెట్టుకోండి.

మూడవ ప్రమాదం: కెటలిస్టు

ఈ ప్రసంగమంతా మరచిపోయినా ఈ భాగం మరచిపోకండి.

కెటలిస్టు చూడడానికి మంచినీళ్లలాగా ఉంటుంది. కాని అది ఘోరమైన రసాయనం. ఒక్క చుక్క కంట్లో పడితే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర కాలిపోతుంది. చూపు పోవచ్చు. మొదట మంట కొంచెమే అనిపించి, గంటల తరువాత ముదిరినా ముదరవచ్చు. కొందరికి నెలలు, సంవత్సరాలు గడిచాక కూడా కన్ను మళ్లీ మళ్లీ ఎర్రబడి బాధపెడుతుంది. ఇక్కడ క్షణాలే కన్నును కాపాడతాయి. ఆసుపత్రికి పరుగెత్తే ముందే కన్ను కడగాలి. రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని, కనీసం 15 నుండి 20 నిమిషాలు ఆగకుండా శుభ్రమైన నీరు పోస్తూనే ఉండండి. నీరు ముక్కు వైపునుండి చెవి వైపుకు పారేటట్టు తల వంచితే రెండవ కంటికి తగలదు. తరువాత వెంటనే కంటి డాక్టరు దగ్గరకు తీసుకురండి. దారిలో కూడా నీరు పోస్తూ రండి. చనుబాలు, నందివర్ధనం రసం, ఆముదం, మందుల షాపులో ఎవరో ఇచ్చిన చుక్కలు ఏవీ వేయకండి. ఇందుకోసమే పని మొదలుపెట్టే ముందు 20 లీటర్ల మంచినీళ్ల క్యాను, ఒక చెంబు బోటు పక్కనే పెట్టుకోవాలి. నీళ్లు లేనిచోట కెటలిస్టు మూత తీయకండి.

ఇంకొక ఘోరం ఉంది. కెటలిస్టును తాగునీటి సీసాలో, కూల్ డ్రింకు సీసాలో పోసి గూట్లో పెడతారు. దాహం వేసిన పిల్లవాడికి, మత్తులో ఉన్న మనిషికి తేడా తెలియదు. తాగితే నోరు, గొంతు, అన్నవాహిక, కడుపు కాలిపోతాయి. రక్తం విషమించి ప్రాణం పోవచ్చు. తాగినవారికి వాంతి చేయించకండి. వచ్చేటప్పుడు మరోసారి గొంతును కాల్చుతుంది. ఉప్పునీళ్లు, మజ్జిగ పోయకండి. నోరు పుక్కిలించి ఉమ్మించి, 108కు ఫోను చేసి, ఆ సీసాను కూడా వెంట పట్టుకుని ఆసుపత్రికి రండి. కెటలిస్టు కొన్న సీసాలోనే ఉండాలి. దానిమీద పెద్ద అక్షరాలతో "విషం" అని రాసి, పిల్లలకు అందని చోట, వంటింటికి దూరంగా, నీడలో ఉంచాలి. అదనంగా కొని నిలవ చేయకండి.

నిప్పు సంగతి

కెటలిస్టును, యాక్సిలరేటరును నేరుగా ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలపకండి. భగ్గుమని మండుతుంది, పేలవచ్చు కూడా. ముందు రెసిన్‌లో యాక్సిలరేటరు వేసి బాగా కలిపిన తరువాతే కెటలిస్టు వేయాలి. ఇద్దరికీ ఒకే పుల్ల, ఒకే కొలత గిన్నె వాడకూడదు.

సాధారణంగా కిలో రెసిన్‌కు 10 నుండి 20 గ్రాముల కెటలిస్టు సరిపోతుంది. డబ్బా మీద రాసిన కొలత చూడండి. త్వరగా గట్టిపడాలని ఎక్కువ పోస్తే బలం పెరగదు. వేడి పుట్టి పెళుసైపోతుంది. మిగిలిన రెసిన్ బకెట్లో ముద్దగా ఉంటే దానంతట అదే వేడెక్కి పొగలు కక్కుతుంది. దాన్ని ఇంట్లో, బోటులో వదలకుండా, ఆరుబయట ఇసుకలో, వలలకు దూరంగా పెట్టండి. కెటలిస్టు తుడిచిన గుడ్డలు దానంతట అవే అంటుకోవచ్చు. వాటిని నీటిలో తడిపి బయట ఉంచండి. రెసిన్, థిన్నర్, అసిటోన్ ఉన్నచోట బీడీ, అగ్గిపుల్ల, వంట పొయ్యి ఉండకూడదు. ఒక బకెట్ పొడి ఇసుక దగ్గర ఉంచుకోండి.

తీసివేసిన ఫైబర్ ముక్కలను పొయ్యిలో పెట్టకండి, ఒడ్డున తగలబెట్టకండి. ఆ నల్లని పొగ విషం. సంచిలో కట్టి పంచాయతీ చెత్త సేకరించేవారికి అప్పగించండి.

ఇంటి ఆడవారికి ఒక మాట

అమ్మా, ఆ పని బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి. బయటే దులపకుండా తడిపి, వేరుగా ఉతకండి. మీ ఆయనగాని, కొడుకుగాని పని నుండి రాగానే స్నానం చేసిన తరువాతే పిల్లవాడిని ఎత్తుకోవాలి. చేతులకు అంటిన రెసిన్‌ను చాలామంది అసిటోన్‌తో కడుగుతారు. అది చర్మంలోని నూనెను లాగివేసి పగుళ్లు తెస్తుంది. గుడ్డతో తుడిచి సబ్బు నీటితో కడగాలి. అన్నం క్యారేజీ పని స్థలానికి దూరంగా తెరవాలి. గర్భిణి స్త్రీలు, చిన్నపిల్లలు ఈ పని జరిగేచోట ఉండకూడదు. చేపల అర బాగు చేస్తే, పూర్తిగా గట్టిపడి వాసన పోయేవరకు ఆరనిచ్చి, సబ్బు నీటితో బాగా కడిగిన తరువాతే ఐసు వేయాలి.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

1. కంట్లో ఏ రసాయనం పడినా, నొప్పి తగ్గినా సరే, కడిగిన వెంటనే.
2. ఏ కొంచెం మింగినా, క్షణం ఆలస్యం చేయకుండా.
3. మత్తుగా ఉన్నా, స్పృహ తప్పినా, ఛాతీ పట్టేసినా, పిల్లికూతలు వచ్చినా.
4. గాలిలోకి వచ్చాక కూడా తలనొప్పి, వికారం తగ్గకపోతే.
5. చేతుల మీద ఎర్రని దద్దుర్లు, పగుళ్లు వారం దాటినా మానకపోతే.

వచ్చినప్పుడు ఏ పని చేస్తున్నారో డాక్టరుకు తప్పక చెప్పండి. "దగ్గు" అని మాత్రమే చెబితే దగ్గు మందే రాస్తారు. "ఫైబర్ పని చేస్తున్నాను" అంటే కారణం తెలుస్తుంది.

యజమానులకు మనవి

అయ్యా, మరమ్మతు ఖర్చు రాసుకునేటప్పుడు రెసిన్ ఇన్ని కిలోలు, మ్యాట్ ఇన్ని మీటర్లు, కూలి ఇంత అని రాస్తారు. ఆ కాగితం మీదనే మాస్కులు, కళ్లద్దాలు, తొడుగులు అని ఇంకొక వరుస రాయండి. రెసిన్ ఖర్చు పక్కన అది పెద్ద మొత్తం కాదు. గ్రైండర్ పట్టే కుర్రవాడు తనంతట తాను అడగడు. అడిగితే పనిలోనుండి తీసేస్తారని భయపడతాడు. కాబట్టి మీరే ఇవ్వండి. ఇచ్చి, వేసుకున్నాడా లేదా అని కూడా చూడండి. పద్దెనిమిది ఏళ్లు నిండని పిల్లలను ఈ పనికి పెట్టకండి. ఖరీదైన మాస్కు ఒక్కొక్కరు కొనలేకపోతే సంఘం తరఫున నాలుగు సెట్లు కొని ఉంచి, అవసరమైన బోటుకు ఇచ్చి పుచ్చుకోవచ్చు. కడిగి, ఆరబెట్టి, డబ్బాలు మార్చి వాడుకోవచ్చు.

జూన్ 15 తెల్లవారుజామున మీ బోట్లు మళ్లీ అలల మీదకు వెళతాయి. ఆ రోజు బోటు నీరు కారకుండా ఉండాలి. దాన్ని నడిపేవాని కన్ను దూరాన ఉన్న దీపాన్ని స్పష్టంగా చూడాలి, అతని ఛాతీ వలను లాగడానికి నిండుగా గాలి పీల్చాలి. అందుకు కావలసినవన్నీ ఈ 61 రోజులలో మన చేతిలోనే ఉన్నాయి.

దేవుడు మీ చేతుల కష్టాన్ని దీవించి, మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.